ఎవరి ఒంటిరంగు?

ఇరవై రెండేళ్ళుగా మిషను తొక్కుతున్నాను. ఒంటిరంగు అనే మాట ఎన్ని వేలసార్లు అని ఉంటానో! లేత గోధుమరంగు నెట్ గుడ్డ అది. మెడ దగ్గర కుడితే ఒళ్ళే కనిపిస్తున్నట్టు ఉంటుందని దానికా పేరు. నేను నల్లన. మా ఆయనా, మా పిల్లా అంతే. ఈ ఊళ్ళో మా జాతివాళ్ళ ఇళ్ళు పట్టుమని పది లేవు. అయినా అది ఎవరి ఒంటిరంగని నాకు ఒక్కనాడూ తట్టలేదు. తలుచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

బడి వార్షికోత్సవానికి పద్నాలుగు మంది పిల్లల డాన్సు డ్రస్సులు నాకే ఇచ్చారు. "నీలం శాటిన్. మెడకి ఒంటిరంగు నెట్" అని డాన్సు టీచరు చీటీ రాసింది. మా తొమ్మిదేళ్ళ పిల్లది ముందు వరస. ఇంట్లో పిడుగు అంటాం. మొదట దానిదే కుట్టి తొడిగాను. అద్దం ముందు నిలబడి మెడ తడుముకుంది.

"అమ్మా, దెబ్బ తగిలి కట్టు కట్టినట్టుంది. ఇది ఎవరి ఒంటిరంగు?"

మెడ దగ్గర నెట్ సర్ది, డ్రస్సు విప్పించాను.

మర్నాడు ఆ డ్రస్సుతోనే బడికి తీసుకెళ్తే, డాన్సు టీచరు దాన్ని ఎగాదిగా చూసి, "నువ్వు వెనక వరసలోకి వెళ్ళమ్మా" అంది. ఎందుకని అడిగాను.

"ఏమనుకోకండి, మీవాళ్ళ రంగు లైట్ల కింద తేలదు. నెట్ కూడా కలవట్లేదు. అందరూ ఒకేలా ఉండాలి కదా."

పక్కనున్న పిల్లాడు కిసుక్కున నవ్వి, "కడుక్కునొస్తే తేలుతుంది" అన్నాడు. టీచరు వినీ విననట్టు ఊరుకుంది.

పిడుగు ఇంటికొచ్చి డ్రస్సు మూలకి విసిరేసింది. ఇక బడికి పోనంది. అన్నం ముట్టలేదు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దాన్ని వెంటబెట్టుకుని గుడ్డల కొట్టుకి వెళ్ళాను. దాని చెయ్యి ఒక్కో నెట్ మీదా పెట్టి చూశాను. కాఫీపొడి రంగుది అచ్చం కలిసిపోయింది.

"పద్నాలుగింటికీ ఇదే. అందరూ ఒకేలా ఉండాలన్నారుగా" అన్నాను. పిడుగు కిలకిలా నవ్వింది.

డ్రస్సులు అందిన రోజే తల్లిదండ్రులు పిల్లలతో సహా బడి హాల్లోకి వచ్చిపడ్డారు. పెద్ద టీచరమ్మ నన్నూ పిలిపించింది.

"మా పాప మెడకి మసి పూసినట్టుంది!" అంది ఒకావిడ.

చీటీ తీసి బల్ల మీద పెట్టాను. "ఒంటిరంగన్నారు. ఇది మా పిల్ల ఒంటిరంగు. మా పిల్లది ఒళ్ళు కాదా?"

డాన్సు టీచరు ముఖం కందగడ్డలా చేసుకుంది. "కావాలని చేశారా?"

"కావాలనే. మీ పిల్లలు ఒక్కపూట తొడుక్కుంటేనే ఇంత మంట పుట్టింది. మా పిల్ల మీ రంగు తొడుక్కుని కూడా వెనక్కి పోవాల్సి వచ్చింది."

ఒక తండ్రి విసుక్కున్నాడు. "పిల్లల ముందు ఈ జాతుల గొడవ ఎందుకండీ?"

"పిల్లల మధ్యే మొదలైంది బాబూ. కడుక్కుని రమ్మన్నది ఒక పిల్లాడే."

వెనక నుంచి ఒకావిడ లేచింది. కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

"వీడే. కానీ మాట నాది. ఎండలో ఆడితే వాళ్ళలా అయిపోతావ్, వచ్చి కడుక్కో అంటుంటాను. వీడు విన్నాడు." కొడుకు వైపు తిరిగింది. "తప్పు నాదిరా. సారీ మాత్రం ఇద్దరం చెప్పాలి."

చెప్పారు. ఆవిడ మీద నాకు కోపం పూర్తిగా పోలేదు గానీ, గౌరవం పుట్టింది.

"నేనూ తక్కువ తినలేదు. ఇరవై రెండేళ్ళు ఆ గుడ్డని ఒంటిరంగనే పిలిచాను" అన్నాను.

"ఇళ్ళల్లో మనం ఏమంటున్నామో నెలకోసారి ఇక్కడే కూర్చుని మాట్లాడుకుందాం. ఈ పాప మాత్రం ముందు వరసలోనే ఉంటుంది" అంది పెద్ద టీచరమ్మ. డాన్సు టీచరు తల దించుకుని, చీటీలో ఒంటిరంగన్న మాట కొట్టేసింది. "మరి నెట్?" అని గొణిగింది.

"ఎవరి రంగుది వాళ్ళకి కుడతాను."

నెట్ ముక్కలు పరుచుకుని కూర్చున్నాను. పిల్లలు చేతులు చాచి వరస కట్టారు. ఏ రెండు చేతులూ ఒక్క రంగు కావు. పిడుగు మాత్రం రాలేదు.

"నాది సరిపోయిందిగా!" అని, ముందు వరసలో సుద్దతో గీసిన తన గుర్తు మీదకెళ్ళి నిలబడింది. ఎవరూ కదలమనలేదు. అని ఉంటే వాళ్ళ సంగతి చూసేదాన్ని.