గోడవతల బల్ల

ఆదివారం చర్చి నుంచి రాగానే పెద్దకోడలు చేతిసంచి మేకుకి తగిలించి, బట్టలైనా మార్చుకోకుండా టేపు తీసేది. పక్కవాటాలో ఉండే తోడికోడలి దగ్గర అడిగి తెచ్చుకున్న దర్జీ టేపు అది. దాంతో ముందు హాల్లో సోఫా కొలిచేది, తర్వాత అద్దాల బీరువా, తర్వాత మంచం, చివరికి వంటింట్లో గాజుపలక వేసిన భోజనాల బల్ల. ఏదీ పెరగలేదని తేలాక టేపు చుట్టేసి, పెద్దగా నిట్టూర్చి, పొయ్యి వెలిగించేది. ఏళ్ళ తరబడి నడుస్తున్న తంతు కాబట్టి ఆమె మొగుడు కూడా ఏమీ అనేవాడు కాదు. సోఫా కొలిచేటప్పుడు కాళ్ళు పైకెత్తి కూర్చునేవాడు, అంతే.

ఆమెని తప్పుపట్టడానికి లేదు. ఆ పేటలో దేవుడి పిలుపు అలాగే వస్తుంది మరి. పిలుపు వచ్చినవాళ్ళ ఇంట్లో ఏదో ఒక వస్తువు పెరుగుతుంది. ఆసుపత్రి నర్సమ్మకి దుప్పటి పెరిగింది. వార్డంతా కప్పినా ఇంకా మిగిలిందని చెప్పుకున్నారు. తపాలా ఆయనకి గొడుగు పెరిగింది. ఎవరింట్లో పెరిగినా జనం వెళ్ళి, చూసి, "చాలా సంతోషం" అనేసి, టీ తాగి వచ్చేవాళ్ళు. ఆ తర్వాత నర్సమ్మ ఒక్కరోజు సెలవు తీసుకున్న పాపాన పోలేదనీ, తపాలా ఆయన దారంతా ఎవరెవరికో గొడుగు పట్టి సగం తడిసే ఇంటికొస్తాడనీ ఎవరు పట్టించుకుంటారు? దుప్పటి ఎంత పొడవుందో అదే అందరికీ కావాలి.

మరి పెద్దకోడలికి రావద్దూ పిలుపు? చర్చిలో పాటల గుంపుని నడిపేది ఆమె. స్త్రీల సమాజానికి పెద్ద ఆమె. పూలకుండీలు ఎక్కడ పెట్టాలో, ఎవరు ఏ వరసలో కూర్చోవాలో చెప్పేది ఆమె. మామగారు పోతూ పోతూ ఇంటిని కూడా కొడుకులిద్దరినీ కాదని ఆమె పేరునే రాశాడు, అంత సమర్థురాలని. ఇంటిని మధ్యగోడతో రెండు వాటాలు చేసి, ఒకదాంట్లో తను ఉండి, రెండోది మరిదికిచ్చింది. ఇవన్నీ పైన ఉన్నాయనకి కనబడకుండా ఉంటాయా అని ఆమె ధీమా.

చిన్నకోడలి సంగతి వేరు. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. చర్చికి పాట సగంలో వచ్చి, వెనక ఫ్యాను కింద కూర్చునేది. భుజం మీద ఎప్పుడూ ఒక దారప్పోగు. పెద్దకోడలు పాడుతూ పాడుతూ ఆ దారప్పోగుని చూసి శ్రుతి తప్పిన రోజులున్నాయి.

అలాంటిది ఒకరోజు పొద్దున మొగుడు రొట్టె తింటూ, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"తమ్ముడింట్లో బల్ల పెరిగిందట."

పెద్దకోడలి చేతిలో గరిట ఆగిపోయింది. "ఏ బల్ల?"

"వాళ్ళు అన్నం తినే బల్లే. ఎవరో ముసలాయన చొక్కా చేతులు కురచ చేయించుకోవడానికి వచ్చాడట. వాన పట్టుకుంది. కూర్చోబెట్టి అన్నం పెట్టిందట. తెల్లారి చూస్తే జానెడు పెరిగింది."

"జానెడేనా?" అంది. అన్నాక ఒక్క ముద్ద గొంతు దిగితే ఒట్టు. కడుపులో మంట మొదలైంది. అదేదో గ్యాసు అనుకుని మాత్ర వేసుకుంది. గ్యాసు కాదని ఆమెకీ తెలుసు.

వెళ్ళి చూడకపోతే బాగుండదు కదా, వెళ్ళింది. చవక చెక్క బల్ల. ఒక కాలికి కాగితం మడిచి ఎత్తు పెట్టారు. చివర మాత్రం కొత్త చెక్క లేతగా మెరుస్తోంది. అందరూ చిన్నకోడలి చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. పాస్టరుగారు మాత్రం ఊపలేదు. బల్ల మీద చెయ్యి ఆనించి, "ఓపిక ఉందా అమ్మా?" అని అడిగాడు. ఈయనకీ కళ్ళు కుట్టినట్టున్నాయి పాపం, అనుకుంది పెద్దకోడలు. ఆ మాట అనుకున్నాక కొంచెం హాయిగా అనిపించింది.

ఆ తర్వాత బల్ల ఆగలేదు. ఎక్కడా చోటు దొరకనివాళ్ళు ఎవరో ఒకరు రావడం, వాళ్ళని కూర్చోబెట్టడం, తెల్లారేసరికి ఇంకో కంచం పట్టేంత పెరగడం. ఆసుపత్రిలో రోగి పక్కన కాపలా ఉండే ఆడవాళ్ళు వచ్చారు. జైలు నుంచి విడుదలై పని దొరకని ఒకతను వచ్చాడు. అయితే ఒకటి, బల్ల పెరిగింది గానీ గిన్నెలో కూర పెరగలేదు. ఆ వండటం, వడ్డించడం, తోమడం అంతా చిన్నకోడలి రెండు చేతులే. బల్లకి చోటు కావాలని మంచం ఎవరికో ఇచ్చేశారు. మొగుడు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి బల్ల కింద పక్క వేసుకుని పడుకునేవాడు. కుట్టుమిషను వరండాలోకి వెళ్ళింది. కొత్త బట్టలకి కూర వాసన వస్తోందని మంచి మంచి బేరాలన్నీ పోయాయి.

పెద్దకోడలికి ఇవేవీ కనబడలేదు. ఆమెకి కనబడింది ఒక్కటే. స్త్రీల సమాజంలో ముందు వరస కుర్చీ ఇప్పుడు చిన్నకోడలికి వేస్తున్నారు. వేస్తే వేశారు, ఆ మహాతల్లి అందులో కూర్చుని కునుకు తీస్తోంది!

"చూశారా! ముందు వరసలో కూర్చోబెడితే గుర్రు పెడుతోంది," అంది ఇంటికొచ్చి.

"అలిసిపోయిందేమోలే," అన్నాడు మొగుడు.

"నేనలిసిపోనూ? నాకెవరైనా కుర్చీ వేశారూ?"

ఆ వారమే పాటల గుంపులో ఆడవాళ్ళందరినీ భోజనానికి పిలిచింది. పట్టుదల వచ్చిందంటే ఆమె వంట మామూలుగా ఉండదు. మూడు రకాల కూరలు, రెండు రకాల తీపి. వచ్చినవాళ్ళు సగం తిని, మిగతా సగం బాగుందని చెప్పి, ఒళ్ళు తగ్గాలని వదిలేసి వెళ్ళారు. తెల్లారగానే టేపు పెట్టింది. గాజుపలక నిన్న ఎంతుందో ఇవాళా అంతే ఉంది. మళ్ళీ ఒకసారి పెట్టి చూసింది. టేపు సాగిపోయిందేమోనని దాన్నే అనుమానించింది.

అప్పుడే ఇంకొకటి తగిలింది. గడియారాల దుకాణం నడిపే ఆమె మొగుడు మధ్యాహ్నం ఇంటికొచ్చి "ఆకలిగా లేదు" అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు కాదు, రోజూ అదే మాట. ఒంట్లో బాగాలేదేమోనని భయపడి, దుకాణం నుంచి ఎక్కడికి వెళ్తున్నాడో చూద్దామని బయల్దేరింది. అతను తిన్నగా తమ్ముడి వాటాలోకే వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే ఏముంది! ముసలాయనకీ జైలు నుంచి వచ్చినతనికీ మధ్యలో కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచి, ఏదో చెబుతూ పడీ పడీ నవ్వుతున్నాడు. తన మొగుడికి అన్ని పళ్ళున్నాయని పెద్దకోడలు మర్చిపోయి చాలా కాలమైంది.

ఒళ్ళంతా భగ్గున మండింది. పేరు తీసుకుంది, కుర్చీ తీసుకుంది, ఇప్పుడు మొగుణ్ణి కూడానా!

ఆ సాయంత్రమే, సమయం చూసుకున్నట్టు, చిన్నకోడలు తలుపు తట్టింది. చేతి మీద ఆవిరి బొబ్బ. జుట్టు ఎప్పుడు దువ్వుకుందో ఏమో.

"అక్కా, బల్ల మధ్యగోడకి తగిలింది. ఇంక పెరగడానికి చోటు లేదు. నిన్న ఒకామె నిలబడే తిని వెళ్ళింది. గోడ కొంచెం తీయనిస్తావా అని..."

"గోడా? నా గోడా?" అంది పెద్దకోడలు. "మీ బల్ల కోసం నా వంటిల్లు కూలగొట్టుకోవాలా? గోడ జోలికొస్తే ఊరుకోను. అసలు అంతవరకూ ఎందుకు, వేరే ఇల్లు చూసుకోండి. నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి."

చిన్నకోడలు గడపకి ఆనుకుంది. గొడవ పడుతుందేమోనని పెద్దకోడలు ఎదురు చూసింది. అదేమీ లేదు. "ఈ పేటలో మాకిల్లు ఎవరిస్తారక్కా, ఇంతమందిని చూసి?" అంది మెల్లగా. తర్వాత, "అక్కా, ఒక మాట చెప్పనా? నీకు కావాలంటే నువ్వే తీసుకో. నిజంగా అంటున్నా. నాకొద్దు, ఇంకెవరికైనా ఇయ్యి అని ఎంత ఏడ్చి ప్రార్థన చేశానో."

"నాకు కావాలని నీతో ఎవరన్నారు?"

"టేపు నాదే కదక్కా."

పెద్దకోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా కోపంగానే అడిగింది. "వద్దనుకుంటే మానెయ్యొచ్చుగా. అంత కష్టమైతే ఎందుకీ బాధ? దేవుడు పిలిస్తే సుఖపడాలి గానీ ఇదేం ఖర్మ?"

"నేనూ మొదట్లో అలాగే అనుకున్నా. బల్ల పెరిగింది, ఇంక మాకు లోటు లేదు అనుకున్నా," అంది చిన్నకోడలు. నవ్వబోయి ఆవులించింది. "నలుగురికి చోటు ఇవ్వమన్నాడు. ఆ చోటు ఎక్కడినుంచి వస్తుంది? మన మంచం ఉన్నచోటే కదా. మానేద్దామనే ఒకరోజు తలుపేసుకుని పడుకున్నా. బల్ల మాత్రం అంత పొడవూ అలాగే ఉంది, ఒక్క కంచం లేకుండా. దాన్ని చూడలేకపోయానక్కా. లేచి వండాను."

ఇంత విన్నాక ఎవరికైనా మనసు కరగాలి. పెద్దకోడలికి కరగలేదు, ఇంకా మండింది. తనకి ఒక్కనాడూ అలా లేచి వండాలనిపించలేదు, దీనికెందుకు అనిపించింది?

ఖాళీ చేసే రోజు వచ్చింది. ఊరికి బాగా అవతల, ఎప్పుడో మూతపడ్డ గోదాములో ఒక గది దొరికిందట. అంత దూరం నడిచి ఎవరూ తినడానికి రాలేరు. రావాలన్నా అక్కడ బల్లే ఉండదు.

"బల్ల ఇక్కడే వదిలేస్తాం వదినా, తలుపులో పట్టదు," అన్నాడు మరిది, మొహం చూడకుండా.

పెద్దకోడలి గుండె గంతులేసింది. బల్ల ఇక్కడే! వాళ్ళు వెళ్ళిపోతే అది ఇంటితో పాటు తనదే. పాటల గుంపుని పిలిచి, తను ఈ చివర కూర్చుని... తెల్లటి గుడ్డ ఏది పరచాలో కూడా అనుకుంది.

మధ్యాహ్నం లారీ వచ్చి వాకిట్లో ఆగింది. ఎక్కే ముందు చివరిసారిగా చిన్నకోడలు అందరికీ వడ్డిస్తోంది. గోడవతల కంచాల చప్పుడు. మొగుడు ఇవాళ దాచుకోలేదు. "నేనక్కడే తింటాను," అని చెప్పి మరీ వెళ్ళాడు. పెద్దకోడలు తన వంటింట్లో గాజుపలక ముందు ఒక్కతే కూర్చుంది. కూర చల్లారిపోయింది. ముద్ద కలిపింది గానీ నోటిదాకా వెళ్ళలేదు. కంచం పక్కకి నెట్టేసింది.

అప్పుడు గోడ కదిలింది. పెద్ద చప్పుడేమీ లేదు, సొరుగు లాగినంత. సున్నం పెచ్చు ఊడి గాజుపలక మీద రాలింది. ఇటుకలు రెండు పక్కలకీ జరిగి దారిచ్చాయి. మధ్యలోంచి లేత చెక్క గాజుపలక పక్కగా మెల్లగా వచ్చింది. వచ్చి, ఆమె మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది. ఒక్క కంచం పట్టేంత చెక్క.

సందులోంచి చూస్తే బల్ల పొడవునా మనుషులు. ఎక్కడో అవతలి కొసన, పొయ్యి దగ్గర, చిన్నకోడలి మొహం వేలెడంత కనబడింది.

"అయ్యో, గోడ పగిలిందా అక్కా! మేమేం చెయ్యలేదు, నిజం," అని అక్కణ్ణించే అరిచింది. "ఇవాళ కొత్తవాళ్ళెవరూ రాలేదు. అందరికీ చోటు సరిపోయింది. మరి ఎవరికోసం పెరిగిందో..."

మాట మధ్యలో ఆపేసింది. బల్ల పొడవునా అందరూ ఇటు తిరిగారు. తర్వాత చిన్నకోడలు వేరే గొంతుతో అడిగింది.

"అక్కా, అన్నం తిన్నావా?"

"తిన్నాను," అంది పెద్దకోడలు ఠక్కున.

పెద్దకోడలు చెక్క వంక చూసింది. ఎన్ని ఆదివారాలు కొలిచింది! తీరా వస్తే, ఇలానా వచ్చేది? పెట్టేదానిలా కాదు, నిలబడే తిని వెళ్ళిన ఆ ఆడమనిషిలా, చొక్కా ముసలాయనలా. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కడుపులో ఇన్నాళ్ళూ మండుతున్నది అసూయేనని ఆమెకి తెలుసు. దాని కింద ఆకలి కూడా ఉందని ఇప్పుడే తెలిసింది.

"లేదు," అంది. "తినలేదు."

అవతలి కొసన కంచం లేచింది. నర్సమ్మ వార్డు నుంచి వచ్చిన ఆడవాళ్ళ చేతుల మీదుగా, ముసలాయన చేతి మీదుగా, జైలు నుంచి వచ్చినతని చేతి మీదుగా, చివరికి తన మొగుడి చేతిలోకి వచ్చింది. అతను సందులోంచి చెయ్యి చాపి ఆమె ముందు పెట్టాడు. అంత దూరం వచ్చేసరికి కూర సగం చల్లారింది. పెద్దకోడలు తలవంచుకుని మొత్తం తినేసింది. ఏడుస్తూ తింది. అందులో సగం ఏడుపు ఇంకా అసూయదే. తన కూర కంటే దాని కూరే బాగుంది.

తిన్నాక కళ్ళు తుడుచుకుని, కొలిచే అలవాటు ఊరుకోదు కదా, చూసింది. ఈ కొసన ఉన్నవాళ్ళందరి కంచాల్లోనూ చల్లారిన కూరే. అవతలి పొయ్యి ఎంత దూరమని అందుతుంది? తన పొయ్యి మాత్రం చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది.

"లారీని పంపించెయ్యండి," అంది మొగుడితో. గాజుపలక బల్లని అవతలికి నెట్టి, పొయ్యి వెలిగించింది.

అక్కడితో ఆమెకి సుఖం పోయింది. గాజుపలక వరండాలో నిలబెట్టారు. సోఫా హాల్లో పట్టక ఇచ్చేశారు. పాటల సాధనకి వేళ కుదరక గుంపుని అందులో రెండో వరసలో నిలబడి పాడే ఒకామెకి అప్పగించింది. రెండు పొయ్యిలకీ మధ్య తోడికోడళ్ళు రోజూ గట్టిగా అరుచుకుంటారు, ఉప్పెక్కువైందని ఒకరూ, నువ్వెవరే చెప్పడానికని ఒకరూ. ఆదివారం ముందు వరసలో ఇద్దరికీ కుర్చీలు వేస్తే, ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతారు.

మొన్న ఆదివారం రెండో వరస ఆమె వచ్చింది. కొత్త బట్టలు, నున్నగా దువ్వుకున్న జుట్టు. వాకిట్లోనే నిలబడి, బల్లని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది.

"ఏం లేదక్కా," అంది, "మీ ఇంట్లో టేపు ఉంటే ఒక్కసారి ఇస్తావేమోనని."

పెద్దకోడలు ఆమె మొహం వంక చాలాసేపు చూసింది. ఆ మొహం తనకి బాగా తెలుసు. బొబ్బలెక్కిన చేతిని కొంగుకి తుడుచుకుని, మేకుకి వేలాడుతున్న టేపు తీసి ఇచ్చింది.

"తీసుకెళ్ళు," అంది. "అన్నం తిన్నావా?"