ఆల్మోస్ట్ అయిపోయింది సార్

బావమరిదికి ఆ ఇంగ్లీషు ముక్క ఎవరు అంటించారో గానీ, పొద్దస్తమానం అదే జపం: ఆల్మోస్ట్. వైరు సంచిలోంచి తీయకముందే "ఆల్మోస్ట్ అయిపోయింది సార్" అనేవాడు. దాదాపు అని అర్థమని తెలియక కాదు. కాలేదంటే అవతలివాడు కస్సుమంటాడు, ఇదంటే చల్లబడతాడు. అంత సుఖమైన మాటను ఎవడు వదులుకుంటాడు?

బావ ఎలక్ట్రీషియన్, బావమరిది ఆయనకు సాయం. ఆయన దగ్గర ఒకటే కట్టుబాటు: కింద ఎవరూ కరెంటు పెట్టకుండా, నిచ్చెనెక్కేవాడి జేబులోనే ఫ్యూజు ఉండాలి. ఆవేళ బట్టలు కుట్టే కార్ఖానాలో, పై అంతస్తులో పని. జేబు చిరిగిపోయిందని బావ ఫ్యూజు పీకి బావమరిది చేతిలో పెట్టాడు.

"ఇది నా ప్రాణంరా, జాగ్రత్త" అని నవ్వి పైకెక్కాడు. కాసేపటికి టేపు తెమ్మని కొట్టుకి పంపాడు.

కొట్టు దగ్గర ఉండగా కార్ఖానా సూపర్‌వైజర్ ఫోన్.

"ఏమయ్యా, అయిందా?"

"ఆల్మోస్ట్ అయిపోయింది సార్."

"హమ్మయ్య! ఫ్యూజు ఇక్కడ బోర్డు మీదే ఉంది. కుట్టేవాళ్లందర్నీ కూర్చోబెట్టి నేనే పెట్టేస్తాలే."

ఫోన్ కట్టయింది. జేబు తడుముకుంటే ఖాళీ. సంచి సర్దుతూ బోర్డు మీద పెట్టి మరిచిపోయాడు, దరిద్రుడు!

తిరిగి చేస్తే ఎత్తలేదు. బావ ఫోను కింద సంచిలో ఉంది. చెప్పు తెగితే అక్కడే వదిలేసి పరిగెత్తాడు. అక్క మొహం కళ్లముందు ఆడింది. ఆవిడకేం చెప్పాలి? బావ ఆల్మోస్ట్ బతికాడనా?

గేటు దాటుతూనే గొంతు చించుకున్నాడు.

"కాలేదు! కాలేదు సార్! బావ పైనే ఉన్నాడు!"

బోర్డు దగ్గర ఫ్యూజు పట్టుకున్న సూపర్‌వైజర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మరి ఆల్మోస్ట్ అన్నావు?"

"అబద్ధం సార్."

కేకలు విని బావ దిగొచ్చాడు. సంగతంతా విని మెట్ల మీద కూలబడ్డాడు. తర్వాత లేచి సూపర్‌వైజర్ చేతిలోని ఫ్యూజు తానే తీసుకున్నాడు. నాలుగు తన్నినా బాగుండేదనిపించింది బావమరిదికి.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"పనయిందట్రా? బయల్దేరారా?"

పాత మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా బావ ఫ్యూజును చేతిరుమాల్లో మూటగట్టి, మెడకు కట్టుకుని మళ్లీ నిచ్చెనెక్కుతున్నాడు.

"కాలేదక్కా. బావ ఇంకా పైనే ఉన్నాడు."

"దానికి ఏడుస్తావేంట్రా?" అంది అక్క.