సరిచేసిన వ్యాను

మా ఆయన నా మీద ప్రేమ చూపించాడు. అందుకే డ్రైవింగ్ టెస్టులో ఫెయిలయ్యాను. అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను, ఒక్కరూ నమ్మరు.

మేముండేది సూరత్ పక్కన కడోదరాలో. మా ఆయన శ్యాంసుందర్ మరమగ్గాల మీద నేస్తాడు. నేను ఇంట్లో చీరలకు రాళ్లు అంటిస్తాను. ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా నా చీరల మూటలు గుమ్మంలోనే పడుంటాయి, పనిచ్చే సేఠ్ ఇంకా తేలేదేమని ఫోనులో అరుస్తుంటాడు. లైసెన్సు చేతికొస్తే మా పాత వ్యానులో నేనే వేసుకెళ్తాను కదా! ఒకరి కాళ్లావేళ్లా పడే పనుండదు.

మూడేళ్ల కిందట ఆ వ్యాను వైర్లను ఎలుకలు కొరికేశాయి. మెకానిక్ దగ్గరికి వెళ్లమంటే ఈయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

“దినాం వందల పోగులు అతుకుత. గీ నాలుగు వైర్లు ఓ లెక్కనా?” అన్నాడు.

అతికాడు, మహానుభావుడు! మగ్గం మీద తెగిన దారానికి వేసే ముడే వేసి, పైన టేపు చుట్టాడు. ఏ కొస ఏ కొసదో చూసిన పాపాన పోలేదు. అప్పటినుంచి సిగ్నల్ పుల్ల కదిపితే వైపర్లు ఊగేవి. వైపర్ పుల్ల ఒకసారి నొక్కితే ఎడమ సిగ్నల్, రెండుసార్లు నొక్కితే కుడి సిగ్నల్. లైట్ల స్విచ్ వేస్తే హారన్ మోగేది. నేను నేర్చుకున్నది ఈ బండి మీదే. బాగానే నేర్చుకున్నాను, గొప్ప కోసం చెప్పడం లేదు.

టెస్టు రోజు ఆర్టీఓ ఆఫీసు దాకా వ్యాను ఆయనే నడిపాడు. నేను కళ్లు మూసుకుని వేములవాడ రాజన్నకు మొక్కుకుంటూ కూర్చున్నాను.

లోపల నా పక్కన కూర్చున్న అధికారి కుడివైపు తిప్పమన్నాడు. వైపర్ పుల్ల టకటకా రెండుసార్లు నొక్కాను. మండే ఎండలో, పొడి అద్దం మీద వైపర్లు కీచుమంటూ లేచాయి. ఇంతలో ఓ స్కూటరు అడ్డొస్తే హారన్ కొట్టమన్నాడు. లైట్ల స్విచ్ వేశాను. పట్టపగలు లైట్లు వెలిగాయి.

“బహెన్, వాన ఏదీ? చీకటేదీ?” అని హిందీలో అడిగి, కాగితం మీద ఫెయిల్ అని రాసిచ్చి, వారానికి మళ్లీ రమ్మన్నాడు.

గేటు బయట శ్యాంసుందర్ దూద్‌పేడా మిఠాయి డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

“పాసేనా సంధ్యా? నీకు చెప్పలే గని, నిన్న మెకానిక్‌తోని వైర్లన్ని సక్కగ పెట్టిచ్చిన. ఖుష్ అయితవని!”

ఒళ్లు మండిపోయింది. మూడేళ్లుగా పుట్టని బుద్ధి సరిగ్గా నిన్ననే పుట్టాలా! లోపల జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. పాపం అనిపించింది, పైకి మాత్రం అనలేదు.

“వారానికి మల్ల రమ్మన్నరు గద. ఇయ్యాల్నే పాత తీర్గ ముడేస్త తియ్యి,” అన్నాడు.

“వైరు ముట్టినవంటే చేతులు ఇరగ్గొడ్త! మూడేండ్లు నీ తప్పు నేర్సుకున్న. వారంల ఒప్పు నేర్సుకోలేనా? జరుగు.”

తాళం లాక్కుని, ఎల్ బోర్డు సర్ది, డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.