అడుగంటిన బీరు

నేను ఒక రాగి బానను. నలుగురు చేతులు కలిపినా చుట్టు అందని బొజ్జ నాది. కంచరివాళ్లు సుత్తెలతో బాది బాది నన్ను ఈ ఆకారానికి తెచ్చారు. సికింద్రాబాదులో కొత్తగా బీరు కాయడం మొదలుపెట్టిన కావస్‌జీ సేఠ్ నన్ను కొన్నాడు.

కాచేవాడు తాళ్ల రాజేశం. వంశమంతా కల్లు గీసినవాళ్లే. కొత్త సరుకు పొయ్యెక్కగానే పాత సరుకు ఒక చెంబుడు పట్టుకుని మైసమ్మకు సాక పోయడానికి వెళ్లేవాడు. అమ్మకు పోయనిదే మనిషి తాగకూడదని వాళ్ల నియమం. నియమం మంచిదే. కాని గుడి దగ్గర నలుగురు కలిస్తే కబుర్లు ఒక పట్టాన తెగుతాయా? ఇక్కడ కలిపే దిక్కులేక నా కడుపులో బార్లీ రసం అడుగంటేది.

"మళ్లీ మాడ్చినవా?" అని సేఠ్ లబోదిబోమనేవాడు.

"అమ్మ పనికి పోయిన సేఠ్. మంచైనా చెడైనా అమ్మే చూసుకుంటది."

అమ్మ చూసుకుంది. ఆ మాడు వాసనకే జనం ఎగబడ్డారు. ఆ తర్వాత, "ఇంకా గుడికి పోలేదా?" అని సేఠే తరిమేవాడు. రాజేశం దాన్ని 'నా బీరు' అనేవాడు. నాకూ గర్వంగానే ఉండేది, మాడింది నా అడుగే కదా.

పేరు ఊరు దాటింది, సముద్రాలు దాటింది. సేఠ్ కొడుకులు వ్యాపారాన్ని ఒక విదేశీ కంపెనీకి అమ్మేసి చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు నా బొమ్మ అంటించుకున్న సీసాలు దేశదేశాలు తిరుగుతున్నాయి. కాచేది మాత్రం స్టీలు ట్యాంకుల్లో. అవి తమంతట తామే కలుపుకుంటాయి, చచ్చినా అడుగంటవు. అందుకని పెద్ద చదువుల వాళ్లు కూర్చుని మాడు వాసన విడిగా తయారుచేసి చుక్కలు చుక్కలుగా కలుపుతున్నారు. రాజేశం కబుర్లాడుతూ చేసిన పనికి ఇప్పుడు ఇంతమంది కావలసి వచ్చారు. నన్నేమో తళతళా తోమి అద్దాల గదిలో పెట్టి, 'మారని రుచి' అని బోర్డు తగిలించారు.

బీరు పుట్టి యాభై ఏళ్లయిందని కంపెనీవాళ్లు పండుగ చేసి, ముసలి రాజేశాన్ని పిలిపించి నా ఎదుటే శాలువా కప్పారు. గ్లాసు చేతికిచ్చారు. పాత రుచే అని ఆయన ఒక్క మాటంటే చాలు, ప్రకటనలో వేసుకుంటారు. నాకు భయమేసింది. ఆయన ఔనన్నాడా, ఇక మేమిద్దరం కాచిన బీరు లోకంలో లేనట్టే.

రాజేశం వేలు ముంచి అమ్మ పేర ఒక చుక్క చిలకరించాడు. గుక్కెడు తాగాడు. మూతి తుడుచుకుని మేనేజరు భుజం తట్టాడు.

"బాగుంది బిడ్డా, మస్తుగుంది."

చప్పట్లు మోగాయి. కెమెరాలు మీదపడ్డాయి. ఆ సందడి సద్దుమణిగేదాకా ఓపిగ్గా నిలబడి, గ్లాసు తిరిగిచ్చేస్తూ మర్యాదగా అడిగాడు.

"ఇగ మన బీరు తెప్పియరాదు?"