ముక్కల డబ్బా

మూర్ఛ మాత్రల ఒక బ్యాచిలో మందు సగానికి సగం తక్కువ పడిందని పొద్దున పదింటికి కంపెనీ నుంచి కబురొచ్చింది. అమ్మకండి, వెనక్కి పంపండి అని. అరలో ఉన్న మూడు షీట్లూ తిప్పి చూశాను. నంబరు వేరు. హమ్మయ్య అనుకునేలోపే కళ్ళు ముక్కల డబ్బా మీద పడ్డాయి.

మా మందుల షాపులో ఒక పాడు అలవాటుంది. బ్యాచి నంబరు, గడువు తేదీ షీటుకి ఒక చివరే ఉంటాయి. నాలుగు మాత్రలు అడిగితే మేం ఆ చివర నుంచే కోస్తాం. తేదీ కనిపిస్తే కొనేవాడు నోరెత్తడు. మిగిలిన మొండి ముక్క ఊరూ పేరూ లేకుండా డబ్బాలో పడుతుంది. తర్వాత వచ్చినవాళ్ళకి అదే గతి. ఈ కోత నేర్పింది మా బాబాయి, షాపు ఆయనదే. ఆరేళ్ళుగా కోస్తున్నది నేను. గోడకి వేలాడే ఫార్మసీ పట్టా మీదున్నది నా పేరే.

నిన్న సాయంత్రం అందులోంచే దర్జీ అక్కకి ఆరు మాత్రలిచ్చాను. ఆమెకి చివరిసారి మూర్ఛ వచ్చి రెండేళ్ళు దాటింది. రోజంతా కరెంటు మిషన్ ముందు, సూది పక్కన వేళ్ళు పెట్టుకుని కూర్చునే మనిషి.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

"గోరంత దాన్ని కొండంత చెయ్యకు," అన్నాడు బాబాయి. "ఆ ముక్క మంచి షీటుదే అయ్యుండొచ్చు."

"కాకపోయుండొచ్చు కూడా."

"ఈ మాట వీధంతా పాకితే మన గుమ్మం ఎవడు తొక్కుతాడు?"

కొత్త షీటు ఒకటి తీసుకుని బయటపడ్డాను.

అక్క ఉండే సందు మలుపులోనే ఎప్పుడూ మిషన్ మోత వినిపిస్తుంది. ఇవాళ లేదు. తలుపు తోశాను. మిషన్ వెనక నేల మీద రెండు పాదాలు.

"ఎవరది? వెలుగుకి అడ్డం లే," అన్నాయి పాదాలు. గుండీ దొరకపుచ్చుకుని అక్క లేచింది. "ఏంటే, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?"

చెప్పాను. రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వేసేసుకుందట.

"ఇంతకీ అవి మంచివా, కాదా?"

"తెలీదక్కా. తెలుసుకునే దారి లేదు. నంబరు మేమే కోసేశాం."

అక్క బల్ల మీది గుడ్డ ముక్కలు చూపించింది. ప్రతి ముక్కకీ గుండుసూదితో ఒక చీటీ. "జానెడు గుడ్డ కోసినా ఎవరిదో రాసి గుచ్చుతాను. మీరు మనిషి మింగేదాన్ని కోసి డబ్బాలో పారేశారా? చదువుకున్న మొహాలు."

తల దించుకుని ఆమె డాక్టరుకి ఫోన్ చేశాను. కొత్త మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పాడు. సాయంత్రం వచ్చి కనపడమన్నాడు. అందాకా మిషన్ ముట్టుకోవద్దు, ఒంటరిగా ఉండొద్దు. అక్క స్విచ్చి కట్టేసింది. నేను ఆమె చేతులకేసే చూస్తూ కూర్చున్నాను. వేలు కదిలినా నాకు చెమట పట్టేది.

బాబాయి ఫోన్. తిడతాడనుకున్నాను. గొంతు సన్నగా వచ్చింది.

"అమ్మాయ్, ఈ వారంలో ఆ డబ్బాలోంచి నేనూ ఇద్దరికి అవే ఇచ్చాను. ఎవరికో గుర్తు రావట్లేదు."

అక్కకి వినపడింది. బల్ల మీద గుడ్డకి గీతలు గీసే సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టింది. "గుర్తు రాకపోతే వాళ్ళే రావాలి. పద. నన్ను ఒంటరిగా ఉండొద్దన్నారుగా, నేనూ వస్తా."

షాపు షట్టరు సగం దించి రాశాను: మూర్ఛ మాత్రలు ముక్కగా కొన్నవాళ్ళు మిగిలినవి వేసుకోకుండా వెంటనే రండి. వేరేవి ఇస్తాం. తప్పు మాది.

"ఆ చివరి ముక్క తుడిచెయ్యి," అన్నాడు బాబాయి.

"గుడ్డ కోసి పాడుచేస్తే నేనూ తప్పు నాదే అంటాను," అంది అక్క. "నోరేం పడిపోలేదు."

బాబాయి చెయ్యెత్తాడు. తుడవడానికే. అప్పుడే రోడ్డు దాటి ఒకాయన వచ్చాడు. రాసింది చదివి, జేబులోంచి మొండి ముక్క తీసి చూపించాడు. అందులో ఒకే మాత్ర మిగిలుంది.

బాబాయి చెయ్యి దించేశాడు. ఇంకొకరు రావాలి. ముగ్గురం రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాం.