నోటికి నీళ్లిచ్చారా?

ఊళ్లలో కలరా తగ్గి మూడు వారాలైనా నా కాళ్ల వాపు తగ్గలేదు. ఉప్పలగుప్తం పక్క పేటలన్నిటికీ నర్సును నేనొక్కదాన్నే. డెబ్భై మూడు నాటి సంగతిది. కాస్త నడుం వాలుద్దామనుకుంటూంటే కాకినాడ నుంచి వరప్రసాదంగారనే డాక్టరు కాగితాల కట్ట పట్టుకుని దిగారు.

"కలరా ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది ఎలీసమ్మగారూ. చాలా చోట్ల ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అన్నీ కలిపి చూసి, ఏం చేస్తే మనిషి బతికేడో అచ్చేసి మీలాంటి వాళ్లందరికీ పంపుతాం," అన్నారు.

జబ్బు చేసిన ప్రతి ఇంటికీ ఒక కాగితం. అందులో నాలుగో ప్రశ్న: రోగికి నోటికి నీళ్లిచ్చారా? లేకపోతే ఎవరు వద్దన్నారు?

చూడగానే నాకు ఒళ్లు మండింది. ఎవరేమిటి, నేనే వద్దన్నాను. భేదులు పట్టుకున్న మనిషికి నీళ్లిస్తే ఇంకా పోతాయని చిన్నప్పటి నుంచి విన్న మాట, నర్సు చదువు చదివినా నన్ను వదల్లేదు. సెలైన్ బాటిల్ వచ్చేదాకా నోరు తడపొద్దని ఇంటింటికీ చెప్పాను. మా అమ్మ మార్తమ్మకి జబ్బు చేసిన రోజున కూడా అదే చెప్పాను. "ఒక్క గుక్క పొయ్యవే" అని అమ్మ అడుగుతూనే ఉంది. అవన్నీ కాలవ నీళ్లని ఇంట్లో కుండలన్నీ నా చేత్తోనే వంపేసి బోర్లించాను. తమ్ముడి భార్య సుందరమ్మని దగ్గర కూర్చోబెట్టి, బాటిల్ కోసం అమలాపురం బస్సెక్కాను. తిరిగొచ్చేసరికి అమ్మ లేదు.

మా ఇల్లు చివరికి ఉంచుకుని మిగతా ముప్పై ఒక్క ఇళ్లూ తిరిగాను. అన్ని ఇళ్లలోనూ ఒకటే జవాబు.

"ఆయ్, మీరు వద్దన్నారు కదండీ. ఇవ్వలేదండి."

బతికినవాళ్ల ఇంట్లోనూ అదే, పోయినవాళ్ల ఇంట్లోనూ అదే. డాక్టరుగారు కాగితాలు తిప్పి తిప్పి చూసి కళ్లజోడు తీసేశారు.

"వీటివల్ల ఏమీ తెలీదండీ. అందరూ ఒకటే చేస్తే కొందరెలా బతికేరు?" అన్నారు.

మర్నాడు చిట్టెమ్మ వేలిముద్ర సరిగ్గా పడలేదని మళ్లీ ఆమె పాకకి వెళ్లాను. భీమరాజుగారి తోటలో కూలికెళ్లే మనిషి. ఆమె ఏడేళ్ల కూతురు జబ్బు చేసి బతికింది. పెరట్లో కాళ్లు కడుక్కుంటూంటే పాక వెనక కొబ్బరి బోండాలు కనిపించాయి. మూతి చెక్కి తాగేసినవి, ఎండిపోయినవి, ఇరవైకి పైనే ఉంటాయి. కూలి చేసుకునే ఇంట్లో సరదాకి ఎవరూ అన్ని బోండాలు కొట్టుకోరు.

"ఇవెవరు తాగేరు చిట్టెమ్మా?"

"ఎవరూ తాగలేదండి."

నా మాట కాదన్నదని నేనెక్కడ నొచ్చుకుంటానోనని ఆమె భయం. పేట పేటంతా కలిసి నా మీద చూపిన మర్యాద కొంప ముంచుతోందని అప్పుడు తెలిసింది నాకు. అక్కడే అరుగు మీద కూలబడ్డాను.

"మా అమ్మకి నేను నీళ్లివ్వనివ్వలేదు చిట్టెమ్మా. అడుగుతూ అడుగుతూ పోయింది. నేను మీకు చెప్పింది తప్పేమోనని భయంగా ఉంది. నిజం చెప్పు."

చిట్టెమ్మ ఏడ్చేసింది.

"పిల్ల నాలిక పిడచగట్టుకుపోతే చూడలేకపోయేనండి. మూడ్రోజులు బోండాం నీళ్లే చెంచాతో పట్టేనండి. తమరికి చెప్పలేదండి, క్షమించండి."

నేను క్షమించాలట!

మిగతా ముప్పై ఇళ్లూ మళ్లీ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ మా అమ్మ చావు మొదటి నుంచి చెప్పుకుంటేగాని నిజం బయటికి రాలేదు. పదో ఇంటికి వెళ్లేసరికి నాకు ఏడుపు కూడా రావడం మానేసింది. చాటుగా నీళ్లో గంజో బోండామో పట్టిన ఇళ్లు పద్దెనిమిది. అందులో పదహారిళ్లలో మనిషి బతికాడు. నా మాట విన్న ఇళ్లు పదమూడు. బతికింది నలుగురు.

ముప్పై రెండో కాగితం మాది. సాయంత్రం సుందరమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగో ప్రశ్న చదివాను. ఆమె నా మొహంలోకి చూడలేదు.

"ఇచ్చేనండి వదినగారూ. మీరటు వెళ్లగానే కుండలోంచి రెండు గ్లాసులు ముంచి పట్టేను. అత్తయ్యగారు హాయిగా తాగేరండి. దాహంతో పోలేదండి."

ఆ మాట ఎంత నమ్మాలనిపించిందో చెప్పలేను. రెండు గ్లాసులు. అమ్మ హాయిగా తాగింది. అదే రాసేస్తే ఆ పూటైనా నాకు నిద్ర పట్టేది.

కానీ ఆ కుండలు బోర్లించింది నేనే.

"నువ్వు మంచిదానివి సుందరం," అన్నాను.

ఇవ్వలేదు, అని రాశాను. ఎవరు వద్దన్నారు అన్నచోట నా పేరు రాశాను. పక్కనే, ఆ మనిషి రోగికి ఏమవుతారో రాయమని ఉంది. కూతురు, అని రాశాను.