గుంతకల్లు కస్టర్డ్ పై

నాలుగో నెల వచ్చినా దివ్యకు వాంతులు తగ్గలేదు. ఇడ్లీ తిన్నా, మజ్జిగ తాగినా అరగంటలో బయటికి వచ్చేసేది. రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించారు. ఆఫీసువాళ్ళు ఇంటినుంచే పని చేసుకోమన్నారు. మీటింగుల మధ్య లేచి బాత్రూముకు పరుగెత్తే కోడలి అడుగుల చప్పుడు ఆ తెల్లాపూర్ ఫ్లాటులో శ్రీనివాసులుకు రోజంతా వినబడుతూనే ఉండేది.

ఒక సాయంత్రం హాల్లో కూర్చున్నప్పుడు ఆయన భార్య జయమ్మ పాతమాట ఒకటి తీసింది. కొడుకు దినేష్ కడుపులో ఉన్నప్పుడు తనకూ ఏదీ ఇమడలేదనీ, గుంతకల్లు బేకరీ నుంచి భర్త తెచ్చిన కస్టర్డ్ పై ఒక్కటే కడుపులో నిలిచిందనీ కోడలికి చెప్పింది. అదేమిటని దివ్య అడిగింది. మైదాపిండితో లోతుపళ్ళెంలాంటి గుల్ల చేసి, అందులో పాలూ గుడ్లూ చక్కెరా కలిపి పోసి భట్టీలో కాలుస్తారనీ, తింటే జున్నులా ఉంటుందనీ జయమ్మ వివరించింది. అది మీ మామ చేత్తో చేసిందే అని కూడా అంది. శ్రీనివాసులు తలెత్తలేదు.

ముప్పై రెండేళ్ళు ఆయన గుంతకల్లు స్టేషన్ దగ్గరి బేకరీలో పనిచేశాడు. కస్టర్డ్ పై రైల్వే కాలనీలోని ఆంగ్లో ఇండియన్ ఇళ్ళలో చేసుకునే వంట. ఒక గార్డు భార్య బేకరీకి వచ్చి, భట్టీ పక్కన నిలబడి ఆయనకు నేర్పింది. తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ కాలనీ అంతటికీ ఆయనే చేసేవాడు. నిండుగా పోసిన పళ్ళేన్ని చుక్క తొణక్కుండా భట్టీలోకి పంపడంలో ఆయన్ని మించినవాడు ఊళ్ళో లేడని పేరు.

మూడేళ్ళ కిందట కుడిచేతికి వణుకు వచ్చింది. మందులు వాడినా పూర్తిగా పోలేదు. ఎవరైనా చూస్తుంటే మరీ ఎక్కువయ్యేది. అప్పటినుంచి ఆయన పొయ్యి దగ్గరికి పోలేదు. అన్నం కూడా అందరూ తిని లేచాకే తినేవాడు.

రెండు రోజుల తర్వాత జయమ్మ నిజాంపేటలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళింది. దినేష్ ఆఫీసుకు పోయాడు. దివ్య తలుపు మూసుకుని మీటింగులో ఉంది. శ్రీనివాసులు చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళాడు. ఫ్రిజ్‌లోంచి గట్టి వెన్న తీసి మైదాలో వేసి వేలికొసలతో నలిపాడు. వణికే వేళ్ళు ఆ పనికి అడ్డం రాకపోగా సాయమే చేసినట్టనిపించింది. చల్లనీళ్ళు చిలకరించి ముద్ద చేసి, కాసేపు ఆగి, సగం పిండిని చపాతీ కర్రతో వత్తి పళ్ళెంలో పరిచాడు. అడుగు పొంగకుండా మీద కాగితం వేసి ఎండుశనగలు పోసి, ఓవెన్‌లో సగం కాల్చి, శనగలూ కాగితమూ తీసేశాడు. గోరువెచ్చటి పాలలో గుడ్లూ చక్కెరా గిలక్కొట్టి వడపోసి, జాజికాయ తురిమి, గుల్ల నిండా పోశాడు. అంతవరకూ బాగానే జరిగింది.

పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తి రెండడుగులు వేసేసరికి చేయి మాట వినలేదు. పళ్ళెం నేలమీద పడి మోగింది. పాలూ గుడ్డూ పంచె మీదా, గచ్చు మీదా చిందాయి.

దివ్య పరుగున వచ్చింది. ఆయన అప్పటికే గుడ్డ తీసుకుని కింద కూర్చున్నాడు. గుడ్డు వాసనకు ఆమె చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది గానీ వెళ్ళిపోలేదు. కుర్చీ లాక్కుని గుమ్మంలోనే కూర్చుంది. ఆయన తుడవడం అయ్యాక మళ్ళీ చేద్దామంది.

"నా చేయి చూసినావు గదమ్మా. ఇంక నా చేత కాదు" అన్నాడు శ్రీనివాసులు.

"ఇవాళే చూశాననుకుంటున్నారా మామయ్యా? ఏడాది నుంచి మీ కాఫీ గ్లాసు సగమే ఎందుకు నింపుతున్నాననుకున్నారు?"

సిటీలో కాఫీ అంతే పోస్తారు కాబోలని ఇన్నాళ్ళూ ఆయన అనుకున్నాడు. ఆ మాటే చెప్పాడు. దివ్య నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన నవ్వు అది.

మిగిలిన పిండితో ఆయన ఇంకో గుల్ల చేసి, పాలూ గుడ్లూ మళ్ళీ గిలక్కొట్టాడు. ఈసారి దివ్య చూస్తూనే ఉంది. చేయి వణుకుతూనే ఉంది. నిండిన పళ్ళెం ఎత్తడమెందుకు, ఖాళీ గుల్లనే ఓవెన్‌లో పెట్టి పాలూ గుడ్లూ అక్కడే పోద్దామని ఆమె అంది. భగభగమండే భట్టీలో అది కుదిరేది కాదు కాబట్టి ఆయనకు ఎన్నడూ ఆ ఆలోచనే రాలేదు. ఆమె ఓవెన్ జాలీ ముందుకు లాగి జగ్గుతో పోసింది. ఎక్కడ ఆపాలో ఆయన చెప్పాడు. అంచులు గట్టిపడి నడుమ ఇంకా కాస్త కదులుతుండగానే తీయించాడు. అంతకు మించి ఉంచితే నీళ్ళు ఊరుతాయని చెప్పాడు.

దివ్య ఒక్క చెంచా నోట్లో పెట్టుకుంది. మరుక్షణమే బాత్రూముకు పరుగెత్తింది.

సాయంత్రం జయమ్మ వచ్చేసరికి మూత కింద కస్టర్డ్ పై అలాగే ఉంది, శ్రీనివాసులు బాల్కనీలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. అత్తాకోడళ్ళిద్దరూ దగ్గరికి వచ్చి కూర్చున్నాక ఆయన నోరు విప్పాడు.

"ఆ పొద్దు నీకు తెచ్చింది నీకోసం చేసింది కాదే జయా. ఎవరో ఆర్డరిచ్చి తీసుకుపోలేదు. రెండు దినాలు ఐసుపెట్టెలో ఉండింది. పారేస్తారని నేను తెచ్చినా."

"స్టేషన్ కాడినుంచి మన ఇల్లు మూడు మైళ్ళు. మోసుకొచ్చింది నాకోసమే గదా" అంది జయమ్మ.

దివ్య మాత్రం ఐసుపెట్టె మాట దగ్గరే ఆగిపోయింది. అయితే అత్తయ్య తిన్నది చల్లటిదా అని అడిగింది. వేడిమీద గుడ్డు వాసనే తనను తిప్పేసిందనీ, నాలుకమీద రుచి బాగానే ఉందనీ చెప్పి, లేచి వెళ్ళి పైని ఫ్రిజ్‌లో పెట్టింది.

పొద్దున్నే ఆమె ఫ్రిజ్ తలుపు తెరిచి, అక్కడే నిలబడి ఒక ముక్క తిని గదిలోకి వెళ్ళింది. శ్రీనివాసులు పేపరు పట్టుకుని కూర్చున్నాడు గానీ చెవులు రెండూ ఆ గది వైపే ఉన్నాయి. అరగంట గడిచింది. గంటయింది. అడుగుల చప్పుడు లేదు. ఎవరితోనో పని గురించి మాట్లాడుతున్న దివ్య గొంతు మాత్రం నిమ్మళంగా వినిపించింది. పదకొండింటికి ఆమె బయటికొచ్చి ఇంకో ముక్క అడిగింది. ఆయనే కోసి ఇచ్చాడు. ముక్క వంకరగా తెగింది.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు మామాకోడళ్ళు కస్టర్డ్ పై చేశారు. అయిదో నెలలో వాంతులు ఆగిపోయాయి. ఆ నెలకు చాలామందికి వాటంతటవే తగ్గుతాయని డాక్టరమ్మ చెప్పింది. జయమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. తన భర్త చేసిన పై వల్లే తగ్గిందని కింద పార్కులో కనిపించిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. వాళ్ళలో ఇద్దరు నేర్చుకుంటామని ఆదివారం ఇంటికి వచ్చారు. శ్రీనివాసులు డాక్టరమ్మ పక్షానా మాట్లాడలేదు, భార్య పక్షానా మాట్లాడలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, వాళ్ళందరి ముందూ వెన్న చేతికి తీసుకున్నాడు.